గోరంత మనిషి... కొండంత రోబో

జపాన్‌కు చెందిన బందాయ్ కంపెనీ 1995 నుంచి తెస్తున్న మాస్టర్ గ్రేడ్ గండమ్ రోబో కిట్లలో చాలావాటి పెట్టె తెరిస్తే, ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని వచ్చే ముక్కల మధ్య ఎక్కడో ఒక మనిషి బొమ్మ కనిపిస్తుంది. ఎత్తు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. చెయ్యి లేవదు, మెడ తిరగదు, ముఖం పోల్చుకోలేం, ఒంటికి రంగు కూడా ఉండదు. అదే పెట్టెలోని రోబోకు మోచేతులు, మోకాళ్లు, నడుము, మణికట్టు అన్నీ వంగుతాయి. కొనేవాళ్లు డబ్బు పెట్టేది ఆ వంపుల కోసమే. అందుకే ఈ చిన్న మనిషిని కొసరు సరుకుగా చూస్తారు. కొందరైతే చట్రం నుంచి కత్తిరించను కూడా కత్తిరించరు. కానీ రోబో ఎంత పెద్దదో చెప్పే భారం ఆ పెట్టెలో ప్రధానంగా ఈ బొమ్మ మీదే ఉంది. కీళ్లు లేకపోవడం ఆ పనికి అడ్డం కాదు సరికదా, అర్హత కూడా అంటాను.

1979 ఏప్రిల్‌లో జపాన్ టీవీలో మొదలైన ‘మొబైల్ సూట్ గండమ్’ సీరియల్‌లో దర్శకుడు యోషియుకి టోమినో రోబోను యుద్ధ వాహనంగా చూపించాడు. యుద్ధ ట్యాంకులాగే దాన్ని కూడా లోపల కూర్చున్న మనిషే నడపాలి. కథ ప్రకారం దాని ఎత్తు 18 మీటర్లు. హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధ విగ్రహం కూడా ఇంచుమించు అంతే. పీఠం దగ్గర నిలబడ్డ మనుషుల్ని ఒడ్డు నుంచి పోల్చుకుంటే తప్ప ఆ విగ్రహం అసలు కొలత మనకూ అందదు. మాస్టర్ గ్రేడ్ కిట్ల 1/100 స్కేలులో ఆ 18 మీటర్లు 18 సెంటీమీటర్లవుతాయి. ఇక్కడే చిక్కు. నమూనా ఇంటిదో రైలుపెట్టెదో అయితే తలుపు, మెట్టు, కిటికీ చూసి దాని పక్కన మనిషి ఎంతుంటాడో కన్ను తనంతట తానే లెక్క కట్టుకుంటుంది. రోబోకు పైకి తలుపులూ మెట్లూ కనిపించవు, పైగా దానిదే మనిషి ఆకారం. రెండు కాళ్లు, రెండు చేతులు, ఒక తల కనబడగానే కన్ను దాన్ని జానెడు మనిషిగా తీర్మానించేస్తుంది. రోబో ఒడ్డూపొడుగూ ఎంత చక్కగా మనిషిలా కుదిరితే, దాని పరిమాణం విషయంలో మనం అంతగా మోసపోతాం. ఆ మోసాన్ని విప్పగలిగేది సరైన నిష్పత్తిలో ఉన్న మరో మనిషి ఆకారమే. గండమ్ నడిపే కుర్రాడు అమురో రేను, పదిహేడు మిల్లీమీటర్లవాణ్ని, రోబో పాదం పక్కన నిలబెట్టండి. జానెడు మనిషి ఒక్కసారిగా ఆరంతస్తుల యంత్రమవుతాడు. 2009లో టోక్యోలోని ఒదైబాలో పూర్తి 18 మీటర్ల గండమ్‌ను నిలబెట్టినప్పుడు ఈ పని సందర్శకులే చేసిపెట్టారు.

పక్కన మనిషి లేకపోతే ఏమవుతుందో బొమ్మల పరిశ్రమే, ఆ ఉద్దేశం లేకుండానే, ప్రయోగం చేసి చూపించింది. తకారా కంపెనీ 1980లో డయాక్లోన్ అనే వరస మొదలుపెట్టింది. అందులో రోబోలుగా మారే కార్లు దాదాపు 1/60 స్కేలువి. వాటిలో కూర్చోవడానికి సుమారు మూడు సెంటీమీటర్ల డ్రైవర్ బొమ్మ ఉండేది. అదే కంపెనీకి మైక్రోమ్యాన్ అనే మరో వరస ఉంది. అందులోని వీరులు కథలోనే పది సెంటీమీటర్ల మనుషులు. కనుక 1983లో ఆ వరసకు అనుబంధంగా వచ్చిన మైక్రో ఛేంజ్ బొమ్మల్లో పిస్తోలు పిస్తోలంతే, క్యాసెట్ ప్లేయర్ క్యాసెట్ ప్లేయరంతే ఉండేవి. ఒక వరస లెక్క ఒకటి, రెండో వరస లెక్క ఇంకొకటి. ఏ లెక్కనైనా చెప్పేది మాత్రం పక్కనున్న చిన్న మనిషే. 1984లో అమెరికా కంపెనీ హాస్‌బ్రో ఈ రెండు వరసల బొమ్మల్నీ కలిపి ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మింది. రోబోలకే ప్రాణముందని కథ మార్చింది. ప్రాణమున్నవాటికి డ్రైవర్లెందుకు? పెట్టెల్లోంచి వాళ్లను తీసేశారు. పాత అచ్చులే వాడారు గనక చాలా కార్లలో వాళ్ల సీట్లు మాత్రం ఖాళీగా ఉండిపోయాయి. డయాక్లోన్ లారీ ఆప్టిమస్ ప్రైమ్ అయింది, మైక్రో ఛేంజ్ పిస్తోలు మెగాట్రాన్ అయింది, ఇద్దరూ సరిజోడు శత్రువులయ్యారు. లారీకీ పిస్తోలుకీ పొంతనేమిటి? కార్టూన్‌లో మెగాట్రాన్ తుపాకీగా మారేటప్పుడు కుంచించుకుపోయి అనుచరుడి చేతిలో ఇమిడిపోవాల్సి వచ్చేది. పిల్లలు దీన్ని పట్టించుకోలేదు, బొమ్మలు బ్రహ్మాండంగా అమ్ముడయ్యాయి. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే వాళ్లు కొన్నది పాత్రల్ని. ఆ పాత్రలు ఎంత ఎత్తని అడిగితే మాత్రం బొమ్మల దగ్గర జవాబు లేకుండా పోయింది.

డయాక్లోన్ డ్రైవర్లకు కీళ్లుండేవి కదా, పాదాల్లో అయస్కాంతాలు కూడా పెట్టారు కదా, నలభై ఏళ్ల కిందటే సాధ్యమైంది ఇప్పుడెందుకు కాదు అని ఎవరైనా నిలదీయవచ్చు. మొదటి జవాబు కొలతల్లోనే ఉంది. మూడు సెంటీమీటర్ల మనిషికి కీలు పెట్టడం వేరు, అందులో సగం ఉన్నవాడికి పెట్టడం వేరు. మన ముంజేతి మందం పది సెంటీమీటర్ల లోపే. నూరో వంతుకు దించితే మిల్లీమీటరు కూడా మిగలదు. ఆ మిల్లీమీటరులోనే తిరిగే ఇరుసు, అది కూర్చునే గూడు, గూటికి గోడ పట్టాలి. ఒకవేళ పట్టించినా ఆ కీలు మనిషి మోచేతికన్నా లావుగా కనిపించి, ఏ నిష్పత్తి కోసం బొమ్మను పెట్టారో దాన్నే చెడగొడుతుంది. చాలా మాస్టర్ గ్రేడ్ కిట్లలో దీనికి దొరికిన పరిష్కారం ముచ్చటైనది. కదిలే మనిషి ఒకడి బదులు కదలని మనుషులు ఇద్దరిని ఇస్తారు, నిలబడ్డవాడొకడు, కూర్చున్నవాడొకడు. రెండో జవాబు రైలు నమూనాలు చేసేవాళ్లకు బాగా తెలుసు. జర్మనీలో ప్రైజర్ కంపెనీ 1/87 స్కేలు రైళ్ల పక్కన పెట్టడానికి ప్రయాణికుల్ని, కూలీల్ని, గార్డుల్ని దశాబ్దాలుగా ఎలాంటి కీళ్లూ లేకుండానే చేస్తోంది. ప్లాట్‌ఫాం మీది మనిషి చేతులు ఆడిస్తే చూపు రైలును వదిలి అతని మీదికి పోతుంది.

ఇదంతా ఖర్చు తగ్గించుకునే ఎత్తుగడేనన్నది ఇంకో అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు. రంగు వేయకపోవడానికి నాకు తోచే కారణం అదొక్కటే. కానీ పైసల కక్కుర్తే అయితే బొమ్మను పూర్తిగా మానేయడం ఇంకా చౌక. రోబో పొట్ట దగ్గర తెరుచుకునే తలుపు, దాని వెనక సరిగ్గా ఆ కూర్చున్న మనిషికే సరిపోయే సీటు పెట్టడానికి పనిగట్టుకుని అచ్చులు చేయించనక్కర్లేదు. దీనికన్నా గట్టి వాదన హై గ్రేడ్ కిట్లది. 1/144 స్కేలులో వచ్చే ఆ చిన్న కిట్లలో చాలావాటికి మనిషి బొమ్మే ఉండదు, అయినా రోబో భారీగానే అనిపిస్తుందంటారు. అనిపిస్తుంది, నిజమే. ఎందుకంటే రోబో ఒంటినిండా పలకల అతుకు గీతలు, మరమ్మతు మూతలు ఉంటాయి. ‘ఇక్కడ అడుగు పెట్టొద్దు’ తరహా హెచ్చరికల సూక్ష్మాక్షరాల స్టిక్కర్లు అతికించేవాళ్లూ ఉన్నారు. అవి ఎవరు చదవాలని? ఆ మూత తెరిచి లోపల చెయ్యి పెట్టేదెవరు? బొమ్మగా పెట్టెలోంచి తప్పించిన మనిషి, గుర్తుల రూపంలో రోబో ఒంటి మీదే తిరుగుతున్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్స్ కథ 1984తో ఆగిపోలేదు. పెద్దవాళ్లయిన అభిమానుల కోసం 2003లో మొదలైన మాస్టర్‌పీస్ వరసలో, 2011 నాటి ఆప్టిమస్ ప్రైమ్‌తో పాటు స్పైక్ అనే కుర్రాడి చిన్న బొమ్మను ఇచ్చారు. ఈ రోబోకు డ్రైవర్ అక్కర్లేదు, తన లారీని తానే నడుపుకోగలదు. అయినా మనిషి తిరిగొచ్చాడంటే అతని అసలు ఉద్యోగం డ్రైవింగ్ కాదన్నమాట. ఆ సంగతి గ్రహించని కొందరు సేకర్తలు గండమ్ కిట్‌లోని కూర్చున్న బొమ్మను సీట్లో పెట్టి, తలుపు మూసి, నిలబడ్డవాణ్ని చట్రంలోనే వదిలేస్తారు. ఓపిక రెండింటిలో ఒక్కదానికే ఉంటే చట్రం నుంచి తప్పించాల్సింది నిలబడ్డవాణ్ని. భుజం మీదో అరచేతిలోనో ఎక్కిస్తే ఫొటోకు బాగుంటుందేమో గానీ, కొలత తెలియాలంటే రోబో నిలుచున్న నేల మీదే, మడమ పక్కనే అతన్ని ఉంచాలి.