చిప్ సంగతి కంపైలర్‌కు ఎవరు చెప్పాలి?

2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెరీ పై అమ్మకానికొచ్చింది. అరచేతిలో ఇమిడే బోర్డు, 700 మెగాహెర్ట్జ్ వేగం, దశాంశ లెక్కలు చేయడానికి చిప్‌లోనే ప్రత్యేకంగా ఒక విభాగం. కానీ ఆ విభాగానికి మొదట్లో పెద్దగా పనే లేదు. అందులో వేసిన డెబియన్ లినక్స్‌ను తయారుచేసినప్పుడు, అలాంటిదొకటి ఉందని సి కంపైలర్‌కు ఎవరూ చెప్పలేదు మరి.

ఇందులో డెబియన్ వాళ్ల తప్పేమీ లేదు. ఆర్మ్ చిప్‌ల కోసం వాళ్ల దగ్గర రెండు రకాలుండేవి. ఒకటి పాత చిప్‌లలోనూ నడవాలని, దశాంశ లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌తోనే లాగించేది. అప్పుడే సిద్ధమవుతున్న రెండోది హార్డ్‌వేర్‌ను వాడుకుంటుంది గానీ దానికి ఆర్మ్ వి7 ఆదేశాలు తెలిసిన చిప్ కావాలి. రాస్ప్‌బెరీ పైలో ఉన్నది వి6. మొదటిది వేస్తే లెక్కలు నత్తనడక. రెండోదాన్ని నడపబోతే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటూ ఆగిపోతుంది.

మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ దీనికి మధ్యేమార్గం పట్టారు. కంపైలర్‌ను సిద్ధం చేసేటప్పుడే మూడు ముక్కలు చెప్పారు: చిప్ తరం ఆర్మ్ వి6, దశాంశ విభాగం వీఎఫ్‌పీ, ఫ్లోట్ హార్డ్ (అంటే దశాంశ లెక్కలు హార్డ్‌వేర్‌తోనే). ఆపైన ఆ కంపైలర్‌తో డెబియన్‌ను మళ్లీ మొదటినుంచీ కంపైల్ చేశారు. 2012 జూన్‌కల్లా 35 వేలకు పైగా ప్యాకేజీలు తయారయ్యాయి. దానికే రాస్పియన్ అని పేరు. చాలావరకు సోర్సు కోడ్ పాతదే, చిప్ కూడా పాతదే.

సి ప్రోగ్రాం రాసేవాళ్లు ‘ఈ రెండూ కూడు’ అని మాత్రమే రాస్తారు. ఏ రిజిస్టర్లలో పెట్టాలి, ఏ ఆదేశం వాడాలి, ఫంక్షన్‌కు ఇచ్చే విలువలను ఎక్కడ అందించాలి అన్నవి కంపైలర్ చూసుకోవాలి. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసిన జీసీసీ కంపైలర్‌లో ఈ సమాచారం ఒక్కో ప్రాసెసర్‌కు విడివిడి ఫైళ్లలో ఉంటుంది. కూడిక అనే పనికి ఈ చిప్‌లో ఏ వరుస రాయాలో అందులో అచ్చు నమూనాలా కనిపిస్తుంది. కొత్త ప్రాసెసర్ వస్తే ముఖ్యంగా రాయాల్సింది ఈ ఫైళ్లే.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. జీసీసీ మామూలుగా మెషీన్ కోడ్‌ను తానే రాయదు. అసెంబ్లీ భాషలో పాఠం రాసి అసెంబ్లర్ చేతికిస్తుంది. అందుకే కొత్త చిప్‌కు కంపైలర్ కట్టేవాళ్లు ముందు బైన్‌యుటిల్స్ అనే సంచయంతో అసెంబ్లర్, లింకర్ కట్టుకుని, ఆ తర్వాతే జీసీసీ జోలికి వెళతారు. జీసీసీ కాన్ఫిగర్ స్క్రిప్టు కూడా ఆ అసెంబ్లర్‌ను నమ్మి ఊరుకోదు. చిన్న చిన్న అసెంబ్లీ తునకలు దాని ముందు పెట్టి, ఏవి ఒప్పుకుంటుందో, ఏవి తిప్పికొడుతుందో చూసి రాసుకుంటుంది.

ఆ పరీక్ష అవసరమే. ఒకే చిప్‌కు రెండు అసెంబ్లర్లుంటే రెండూ రెండు యాసల్లో మాట్లాడతాయి. ఆర్మ్ కంపెనీ సొంత అసెంబ్లర్‌లో సెమికోలన్ తర్వాత ఉన్నది వ్యాఖ్య. బైన్‌యుటిల్స్‌లోని గ్నూ అసెంబ్లర్‌లో ఆర్మ్‌కు వ్యాఖ్య గుర్తు ఈమెయిల్ చిరునామాల్లో వాడే ‘ఎట్’. సెమికోలన్ అంటే కొత్త ఆదేశం మొదలైనట్టే! పాత ఫైలును అలాగే తెచ్చి గ్నూ అసెంబ్లర్‌కిస్తే, ‘ఇక్కడ కౌంటర్ సున్నా చేస్తున్నాం’ అని ఇంజినీరు తనకోసం రాసుకున్న మాటను కూడా ఆదేశమనుకుని, ఇలాంటిదేదీ లేదని మొరాయిస్తుంది. మొరాయించడమే నయం. తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

బయటపడని తప్పులతోనే చిక్కు. ఆర్డుయినో యూనో బోర్డులోని ఏటీమెగా328పీ ఎనిమిది బిట్ల చిప్, ర్యామ్ రెండు కిలోబైట్లు. అందుకని దాని కంపైలర్‌లో ‘ఇంట్’ 16 బిట్లే. సి ప్రమాణం అడిగే కనీసమూ అంతే కాబట్టి తప్పు పట్టలేం. నిమిషం ఆగమని డిలే ఫంక్షన్‌కు ‘60 ఇంటూ 1000’ అని రాస్తే ఏమవుతుంది? 16 బిట్ల ‘ఇంట్’లో పట్టే గరిష్ఠ సంఖ్య 32,767. అరవై వేలు పట్టక మైనస్ 5,536 అవుతుంది. డిలే రుణసంఖ్యలు తీసుకోదు కనుక దాన్ని 32 బిట్లకు మార్చి 4,294,961,760 మిల్లీసెకన్లుగా చదువుకుంటుంది. అంటే దాదాపు 50 రోజులు. అదే వరుస ల్యాప్‌టాప్ కంపైలర్‌లో నిక్షేపంగా అరవై వేలే ఇస్తుంది. ఆర్డుయినోలో నేరుగా 60000 అని రాసినా ఇబ్బంది లేదు. అంత పెద్ద సంఖ్యను కంపైలరే ‘లాంగ్’గా తీసుకుంటుంది.

మన దేశంలోనూ ఈ కసరత్తు నడుస్తోంది. తిరువనంతపురంలోని సీ-డాక్ సంస్థ రూపొందించిన తేజస్32 రిస్క్-ఫైవ్ కుటుంబానికి చెందిన చిప్. వేగం 100 మెగాహెర్ట్జ్, మెమరీ 256 కిలోబైట్లు, ఏరీస్ బోర్డుల మీద దొరుకుతుంది. దీని ఆదేశాల జాబితా పేరు ‘ఆర్‌వీ32ఐఎం’. 32 బిట్లు, పూర్ణాంకాల మూల ఆదేశాలు, గుణకార భాగహారాలు అని అర్థం. దశాంశ విభాగం లేదు. ఈ పేరు చెప్పి, దశాంశ విలువలను ఫ్లోట్ రిజిస్టర్లలో అందించమని అడిగితే జీసీసీ అక్కడే ఆపేస్తుంది.

అయితే ఆ పేరు కూడా ఎల్లకాలం సరిపోలేదు. ఇంటరప్టులను నియంత్రించే రిజిస్టర్లను చదివి రాసే ఆదేశాలు ఒకప్పుడు ‘ఐ’లోనే ఉండేవి. 2019 నాటి ప్రమాణపత్రం వాటిని ‘జీసీఎస్ఆర్’ అనే వేరే పేరు కింద పెట్టింది. 2022లో వచ్చిన బైన్‌యుటిల్స్ 2.38 అసెంబ్లర్ ఆ పద్ధతినే పాటించడం మొదలుపెట్టింది. అంతకుముందు దాకా సాఫీగా కంపైలైన కోడ్ అసెంబ్లర్‌ను కొత్తది చేసుకోగానే ‘ఈ ఆదేశం నాకు తెలియదు’ అంటూ ఆగింది. చిప్ పేరు చివర జీసీఎస్ఆర్ తగిలిస్తే పని జరుగుతుంది. మళ్లీ పాత కంపైలర్లకు ఆ తోక అర్థం కాదు. అందుకే లినక్స్ కెర్నల్‌ను రిస్క్-ఫైవ్‌కు కట్టేటప్పుడు, చేతిలో ఉన్న పనిముట్లకు ఆ తోక కావాలో వద్దో ముందు తేల్చుకుని, అప్పుడే దాన్ని తగిలిస్తారు.