గాజు మౌత్‌పీస్ కొంటున్నారా? ముందు ఇది వినండి

ఒంగోలు దగ్గర కరవది తెలుసు కదా, నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారి ఊరు. 1977లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. నాదస్వరానికి జంట రీడు ఉంటుంది, దాన్నే పెదాల మధ్య పెట్టుకుని ఊదుతారు. మన పెళ్లి బ్యాండులో క్లారినెట్, సాక్సఫోన్ అలా కాదు. వీటికి రీడు ఒక్కటే, దాన్ని మౌత్‌పీస్ మీద బిగించాలి. క్లారినెట్‌లో రీడు కొసకీ, మౌత్‌పీస్ కొసకీ మధ్య సందు సుమారు 1 మిల్లీమీటరు. ఆ అంచు పాడైతే మీ పాట పాడైనట్టే!

చాలామంది వాడేది ఎబొనైట్, అంటే గట్టి రబ్బరు. ఎండ తగిలితే రంగు మారుతుంది, వేడినీళ్లలో వంగుతుంది, పళ్ల గాట్లు పడతాయి. గాజుకి ఈ బాధల్లేవు. రోహిణి కార్తెలో ఊరేగింపుకి వెళ్లినా కొలత మారదు. మరి సౌండ్? అది ఎక్కువగా లోపలి ఆకారం, అంచు వాలు, రీడు మీదే ఆధారపడుతుంది. కాబట్టి గాజుదని మాత్రమే కొనకండి, ఊది చూసి కొనండి.

గాజుతో చిక్కు ఒక్కటే. కిందపడితే అంతే సంగతులు!

ఇక వాడకం చూద్దాం. చల్లటి గాజులోకి ఊదితే ఆవిరి నీరై గరగరమంటుంది. అందుకే ముందు కాసేపు అరచేతిలో పట్టుకోండి. పళ్లు జారితే పైన చిన్న రబ్బరు ప్యాచ్ అంటించండి. వాయించాక రీడు తీసి, గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క సబ్బుతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి. మరిగే నీళ్లు, ఐసు నీళ్లు వద్దు. ఒక్కసారిగా వేడి మారితే గాజు చిట్లుతుంది. తెల్లటి పొర పడితే వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి పది నిమిషాలు నానబెట్టండి, కార్కు మాత్రం తడవనివ్వకండి. కార్కుకి గ్రీజు రాసి మెల్లగా తిప్పుతూ ఎక్కించండి. స్క్రూలు మరీ బిగించొద్దు. ఊదనప్పుడు మూత పెట్టండి.

మిరపకాయల కల్లం నుంచి వచ్చారా? చేతులు కడుక్కోకుండా రీడు ముట్టుకున్నారో, పెదాలు మండిపోతాయి!

ఇప్పుడు ఒక పరీక్ష. రీడు తడిపి బిగించి, మౌత్‌పీస్ వెనక రంధ్రాన్ని అరచేత్తో మూసి, గాలి లోపలికి పీల్చి వదలండి. రీడు ఒక్క క్షణం అతుక్కుని తర్వాత టప్‌మంటే బాగున్నట్టు. వెంటనే వదిలేస్తే గాలి లీకవుతోంది. రీడు మార్చి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే అయితే వెలుతురులో అంచు చూడండి. పెచ్చు లేచిందా, ఇక నోట్లో పెట్టకండి, పెదవి తెగుతుంది. ఇంట్లో గరుకు కాగితంతో రుద్దకండి, ఆ గాజు పొడి ఊపిరికి ప్రమాదం. నిపుణులకి చూపించండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడూ, పెళ్లికి ముందు రోజూ ఈ పరీక్ష చెయ్యండి. పెట్టెలో ఒక ఎబొనైట్ మౌత్‌పీస్ కూడా వేసుకోండి. గాజు పగిలిందని ముహూర్తం ఆగదు కదా! ఉంటాను మరి.