కొండ ప్రాంతంలో పెట్రోల్ ఇంజిన్: కార్బురేటర్ స్క్రూ తిప్పే ముందు

పవర్ వీడర్, బ్రష్ కట్టర్ వంటివి మైదానంలో బాగా నడిచి, కొండ మీదికి తీసుకెళ్లగానే నల్ల పొగ వదులుతూ, భారం పడగానే ఆగిపోతుంటాయి. వెంటనే చాలామంది స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు. ఆ తొందరే ఇంజిన్‌ను పాడుచేస్తుంది.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. హైదరాబాద్‌లో వారాసిగూడ, తార్నాక ప్రాంతం సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ ట్యూనింగ్ చేయించిన యంత్రాన్ని కాకినాడకు తీసుకెళితే గాలి సుమారు 5 శాతం చిక్కబడుతుంది. 900 మీటర్ల ఎత్తున్న అరకుకు తీసుకెళితే సుమారు 4 శాతం పలచబడుతుంది. కార్బురేటర్‌లోని జెట్ రంధ్రం మాత్రం మారదు. కాబట్టి పైకి వెళితే గాలికి మించి పెట్రోల్ వస్తుంది, కిందికి దిగితే చాలదు. ప్రతి 1000 మీటర్లకు ఇంజిన్ బలం కూడా 10 శాతం దాకా తగ్గుతుంది. ఎంత ట్యూనింగ్ చేసినా అది పూర్తిగా తిరిగి రాదు.

అయినా మన కొండల ఎత్తుకు జెట్ మార్చాల్సిన అవసరం అరుదు. కొన్ని కంపెనీలు 1500 మీటర్లు దాటితేనే మార్చమంటాయి. ఆ మాటకొస్తే 20 డిగ్రీల డిసెంబరు ఉదయం కంటే 45 డిగ్రీల మే ఎండలో గాలి 8 శాతం పలచగా ఉంటుంది. అంటే కదలకుండానే 800 మీటర్లు ఎక్కినట్టు!

అందుకే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. దుమ్ము పట్టిన ఫిల్టర్ కూడా ఇలాగే నల్ల పొగ తెప్పిస్తుంది. స్పాంజి ఫిల్టర్ అయితే సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి. చోక్ పూర్తిగా తెరుచుకుందో లేదో చూడండి. తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పండి. గోధుమ రంగులో ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. మసి పట్టి ఉంటేనే పెట్రోల్ ఎక్కువవుతోందని అర్థం.

టూ-స్ట్రోక్ బ్రష్ కట్టర్‌లో 'హెచ్' స్క్రూను కుడివైపు తిప్పితే పెట్రోల్ తగ్గుతుంది. తిప్పక తప్పకపోతే ముందు దాని స్థానాన్ని గీత గీసి గుర్తు పెట్టుకుని, చుట్టులో ఎనిమిదో వంతుకు మించి తిప్పకండి. యంత్రాన్ని కిందికి దించాక, పనిలో పెట్టకముందే స్క్రూను పాత గీతకు తెచ్చేయాలి. ఈ ఇంజిన్లకు ఆయిల్ పెట్రోల్‌తోనే అందుతుంది. పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గి, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు సిలిండర్, పిస్టన్ మార్చే ఖర్చు తప్పదు. ప్లగ్ తెల్లగా మారడం, భారం లేకుండానే ఇంజిన్ విపరీతంగా అరవడం దీనికి ముందు గుర్తులు.

డీజిల్ ఇంజిన్ కొండ మీద పొగ వదిలితే పంపు సీలు విప్పించకండి. గాలే చాలనప్పుడు డీజిల్ పెంచితే పొగే పెరుగుతుంది. భారం తగ్గించి నడపండి.