రెండు చుక్కల పాలే ఎందుకు?

బనగానపల్లెలో నెలలు నిండకుండా బిడ్డ పుడితే నంద్యాలకో కర్నూలుకో పెద్దాసుపత్రికి పరుగెత్తుతారు. కిలో బరువున్న బిడ్డకు అక్కడ మొదట్లో రెండు గంటలకోసారి పట్టేది ఒకటి రెండు మిల్లీలీటర్ల పాలే! అదీ పొట్టలోకి వేసిన సన్నటి గొట్టంతో. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిసి కుదిరేది గర్భం లెక్కన దాదాపు 34వ వారానికి మరి.

అంత తక్కువెందుకు? పేగు గోడ ఇంకా లేత. చెడ్డ సూక్ష్మజీవులు చొరబడితే పేగు వాచి, కొంత భాగం చచ్చుబడిపోవచ్చు. డబ్బాపాలతో ఈ ముప్పు ఎక్కువ, తల్లిపాలతో తక్కువ.

తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని ఉంటాయి. అరగనివి ఎందుకంటారా? అవి పేగుల్లోని బిఫిడో బాక్టీరియా అనే మంచి సూక్ష్మజీవులకు భోజనం. ఆ సూక్ష్మజీవులు ఈ చక్కెరలను తిని ఆమ్లాలు వదులుతాయి. ఆ పులుపులో చెడ్డవి పెరగలేవు. తల్లి తన బిడ్డతో పాటు ఆ బుల్లి కాపలాదారులనూ పోషిస్తోందన్నమాట!

తల్లికి పాలు చాలకపోతే? హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో ‘ధాత్రి’ తల్లిపాల బ్యాంకు మొదలైంది. ఇలాంటి బ్యాంకుల్లో దాతల పాలను 62.5 డిగ్రీల వద్ద అరగంట వేడిచేసి, పరీక్షించాకే ఇస్తారు.

ఇంట్లో పెద్దవాళ్లు తేనో గాడిదపాలో నాకిద్దామంటే, వద్దని మీరే గట్టిగా చెప్పండి.