చెప్పుకోలేని జబ్బు, కోసేసిన గర్భసంచి

కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో ఒక ఆడమనిషిని "ఆపరేషన్ అయిందా?" అని అడిగితే, "ఏ ఆపరేషన్?" అని తిరిగి అడుగుతుంది. ఒకటి పిల్లలు పుట్టకుండా చేయించుకునేది. రెండోది గర్భసంచి తీసేసేది. ముప్పై అయిదేళ్లు నిండకముందే రెండూ అయిపోయిన వాళ్లు ప్రతి వాడలోనూ కనిపిస్తారు. మొదటిదాని గురించి మొహమాటం లేకుండా చెప్తారు. రెండోది ఎందుకు తీశారంటే మాత్రం గొంతు తగ్గించి, "తెల్లబట్ట అవుతాండె, కడుపులో గడ్డ ఉందన్నారు" అంటారు. గడ్డ ఎక్కడుందో, ఎంతుందో, కాయితం మీద ఏం రాశారో చాలామందికి తెలియదు.

ఇది ఒక్క మండలం కథ కాదు. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఆ తర్వాతి సర్వేలోనూ మొదటి రెండు స్థానాలు తెలుగు రాష్ట్రాలవే. ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. బడి మొహం చూడని స్త్రీలలో, పల్లెల్లో ఇవి ఎక్కువ.

ఈ లెక్కల వెనుక పేదరికం ఉంది, వైద్య వ్యాపారం ఉంది, పనిచేయని ప్రభుత్వ వ్యవస్థ ఉంది. వీటన్నిటినీ కలిపే దారం మరొకటి ఉంది. అది సిగ్గు. సిగ్గు ఆడవాళ్ల స్వభావమని, అది సంస్కారమని మనకు నేర్పారు. ఆ సిగ్గుకు ఖరీదు ఎంత, దాన్ని ఎవరు కడుతున్నారు, ఎవరు వసూలు చేసుకుంటున్నారు అనేదే ఇక్కడ మేము చర్చించదలచిన విషయం.

మాటల్లోనే ఉన్న మైల

ముందు మన మాటలను చూద్దాం. నెలసరికి ఊళ్లో వాడే పదాలు ముట్టు, మైల, అంటు, బయట ఉండటం, దూరం ఉండటం. ఇవే మాటలు అంటరానితనానికీ వాడారు. ముట్టుకుంటే మైల, అంటుకుంటే పాపం, ఊరికి దూరంగా ఉండాలి, బయటే నిలబడాలి. ఒకే పదాల మూట నుంచి తీసి, ఒక పూట స్త్రీ శరీరానికీ, జీవితమంతా దళిత శరీరానికీ తగిలించారు. దళిత స్త్రీకి ఈ రెండు మైలలూ కలిసే వస్తాయి.

లైంగికంగా సోకే జబ్బులకు తెలుగులో ఉన్న పేరు సుఖవ్యాధి. పేరులోనే తీర్పు ఉంది. సుఖపడ్డావు కాబట్టి వచ్చింది, అనుభవించు అన్నట్టు. బెంగళూరు కూలికి పోయి వచ్చిన భర్త నుంచి సోకిన ఇన్ఫెక్షన్‌తో బాధపడే స్త్రీ అనుభవించిన సుఖం ఏమిటో ఈ పదం పెట్టినవాళ్లే చెప్పాలి. రోగం పేరే నింద అయినప్పుడు రోగి నోరు విప్పదు.

ఇంట్లో చెప్పుకోలేనిది ఆసుపత్రిలో మరింత కష్టం. పదిమంది ఉన్న గదిలో "ఏంటి నీ బాధ?" అని గట్టిగా అడుగుతారు. ఎదురుగా ఉన్నది మగ డాక్టర్ కావచ్చు. పక్కన నిలబడింది తమ ఊరి పెద్ద కులాల మనిషి కావచ్చు. తాకకుండా, పరీక్ష చేయకుండా, రెండు మాత్రలు రాసి పంపేస్తే మళ్లీ ఆ గుమ్మం ఎక్కాలనిపించదు.

సిగ్గు నుంచి సర్జరీ దాకా

ఈ దారి ఎలా సాగుతుందో వరుసగా చూస్తే అర్థమవుతుంది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకు పెళ్లి. ఇద్దరు పిల్లలు. ఇరవై అయిదు దాటకముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఆ తర్వాత ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థకు ఆమెతో పని అయిపోతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు ఇంటికి వచ్చిన సిబ్బంది, ఆ తర్వాత ఆమె నడుము నొప్పి గురించి అడగరు.

తెల్లబట్ట మొదలవుతుంది. నడుము లాగుతుంది. ఒంట్లో సత్తువంతా కారిపోతోందని భయం. ఏడాది, రెండేళ్లు ఎవరికీ చెప్పదు. ఓర్చుకోలేనప్పుడు ఊళ్లోని ఆర్‌ఎంపీకి సగం సగంగా చెప్తుంది. సూది, మాత్రలు. తగ్గదు. అప్పుడు పట్నంలో స్కానింగ్, ఒక నర్సింగ్ హోమ్. రోగిని తెచ్చినందుకు మధ్యవర్తికి కమీషన్. "గర్భసంచి వాచింది, పుండు పడింది, ఇట్లే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది. పిల్లలు పుట్టేసినారు కదా, ఇంక సంచితో పనేముంది?" ఈ ఒక్క మాటతో వ్యవహారం తేలిపోతుంది. పొదుపు సంఘం అప్పో, వడ్డీ అప్పో తెచ్చి కడతారు.

రెండేళ్ల కిందట ఆశా కార్యకర్తతో ఒక్క మాట చెప్పగలిగి ఉంటే, వారం రోజుల మాత్రలతో తగ్గిపోయే జబ్బు కావచ్చు అది. మౌనం జబ్బును ముదిరేలా చేయడమే కాదు, మోసానికి దారి కూడా వేస్తుంది. తన ఒంటి గురించి ప్రశ్న అడగడానికి సిగ్గుపడే మనిషికి ఏది చెప్పినా చెల్లుతుంది.

కూలి దినం పోకూడదు

అయితే స్త్రీలు తెలియక మోసపోతున్నారని మాత్రమే అనుకోవడం తప్పు. చాలామంది ఈ ఆపరేషన్‌ను తామే అడుగుతారు. ఎందుకు అడుగుతారో చూడాలి.

వర్షాభావానికి పేరుమోసిన నేల ఇది. వేరుశనగ చేలలో కలుపు తీసేటప్పుడు, కాయ కొట్టేటప్పుడు, ఉపాధి పనుల్లో మట్టి తవ్వేటప్పుడు రోజంతా ఎండలోనే. చాటు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, కడుక్కోవడానికి నీళ్లుండవు. మూత్రానికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. నెలసరి రోజుల్లో గుడ్డ మార్చుకునే చోటు ఉండదు. అధిక రక్తస్రావంతో ఒక్క రోజు ఆగిపోతే ఆ దినం కూలి పోతుంది. ఇలాంటి బతుకులో నెలనెలా వచ్చే రక్తం ఒక బరువుగా, గర్భసంచి తీసేస్తే వచ్చేది విడుదలగా కనిపిస్తుంది.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలి స్త్రీలు ఇదే కారణంతో పెద్ద సంఖ్యలో గర్భసంచులు తీయించుకున్న సంగతి 2019లో దేశమంతా చర్చకు వచ్చింది. అక్కడ పని మానితే జరిమానా కట్టాలి. అక్కడ చెరకు, ఇక్కడ వేరుశనగ. పంట పేరు మారినా లెక్క ఒకటే. పనిచోట మరుగుదొడ్డి పెట్టడం కంటే పనిమనిషి శరీరాన్ని మార్చేయడం చవక అనుకునే లెక్క.

వైద్యం ఏం చెబుతుంది

తెల్లబట్ట అనేది జబ్బు పేరు కాదు, లక్షణం. పల్చగా, వాసన లేకుండా, దురద లేకుండా అయ్యేది సహజమైనదే. నెల మధ్యలోనూ, కడుపుతో ఉన్నప్పుడూ అది ఎక్కువవుతుంది. దానికి మందు అక్కర్లేదు.

విరిగిన పెరుగులా గడ్డలుగా, విపరీతమైన దురదతో అయితే అది సాధారణంగా ఫంగస్. చేపల వాసన వస్తే బాక్టీరియా కావచ్చు. పసుపు, ఆకుపచ్చ రంగులో నురగలా ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. ఇవన్నీ మందులతో నయమవుతాయి. లైంగికంగా సోకిన ఇన్ఫెక్షన్ అయితే భర్త కూడా మందు వాడాలి. లేకపోతే ఆమెకు తగ్గి మళ్లీ వస్తుంది. మగవాళ్ల సిగ్గు గురించి కూడా మాట్లాడాల్సింది ఇక్కడే. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఈ చికిత్స ఉచితం. పొత్తికడుపు నొప్పి, జ్వరం కూడా ఉంటే ఆలస్యం చేయకూడదు.

అధిక రక్తస్రావానికి కూడా మొదటి మందు కత్తి కాదు. రక్తం తగ్గించే మాత్రలు, హార్మోన్ మాత్రలు, హార్మోన్ విడుదల చేసే లూప్, రక్తహీనతకు ఐరన్ ఉన్నాయి. గర్భసంచిలో చిన్న గడ్డలు చాలామందికి ఉంటాయి. ఇబ్బంది పెట్టని గడ్డను తీయాల్సిన పని లేదు, అవి క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. తెల్లబట్ట ముదిరి క్యాన్సర్ కాదు. అయితే నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, దుర్వాసనతో రక్తం కలిసిన తెల్లబట్ట అవుతున్నా వెంటనే పరీక్ష చేయించుకోవాలి. ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలకు ఎసిటిక్ ఆమ్లం పూసి చూసే తేలిక పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. నొప్పి పెద్దగా ఉండదు, కొద్ది నిమిషాల పని. అది జరగకుండా ఆపేది కూడా ఎక్కువగా సిగ్గే.

క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, బాగా జారిపోయిన గర్భసంచి ఉన్నప్పుడు ఈ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. ఎవరినీ దాని నుంచి బెదరగొట్టి దూరం చేయకూడదు. కానీ అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగిన దశ మొదలవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు. ముప్పై రెండేళ్ల కూలి మనిషికి ఇవన్నీ వస్తే ఆమె ఏ కూలి దినాల కోసం ఆపరేషన్ చేయించుకుందో ఆ దినాలే పోతాయి.

అంబేద్కర్ వాదించిన కేసు

ఇలాంటి విషయాలు బహిరంగంగా మాట్లాడటం మన ఉద్యమ సంప్రదాయం కాదని కొందరు పెద్దలు అంటుంటారు. భూమి, రిజర్వేషన్లు, అత్యాచారాల కేసుల మధ్య తెల్లబట్ట ఏమిటని అడుగుతారు. వాళ్లకు 1934 నాటి ఒక కేసు గుర్తు చేయాలి.

రఘునాథ్ ధోండో కర్వే బొంబాయి నుంచి 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రిక నడిపేవారు. లైంగిక ఆరోగ్యం, గర్భనిరోధం గురించి రాసేవారు. పాఠకులు అడిగిన సందేహాలకు దాపరికం లేకుండా జవాబులు ఇచ్చినందుకు ఆయన మీద అశ్లీలత కేసు పెట్టారు. ఆయన తరఫున కోర్టులో వాదించినది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్. లైంగిక విషయాల గురించి రాసినంత మాత్రాన అది అశ్లీలం కాదన్నది ఆయన వాదన. కేసు ఓడిపోయారు, కర్వేకు జరిమానా పడింది. అంబేద్కర్ ఆ వాదనను వదల్లేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఆయన పక్షం జనన నియంత్రణ తీర్మానం పెట్టింది. శరీరం గురించి తెలుసుకునే హక్కు కూడా విముక్తిలో భాగమేనని ఆయనకు స్పష్టంగా తెలుసు.

తెలుగులోనూ ఆ పని జరిగింది. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చింది. పేరే చెబుతోంది, సందేహం అడగడం తప్పు కాదని. ఆ సంభాషణ నగరం దాటి, చదువు దాటి, వాడ దాకా రావడమే మిగిలి ఉంది.

చేతిలో ఉన్న హక్కులు

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక గర్భసంచి ఆపరేషన్లు పెరిగాయన్న విమర్శలు వచ్చి, ఆ పథకం కింద వీటిని ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేశారు. సొంత డబ్బుతో చేయించుకునేవి మాత్రం ఆగలేదు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసరపు ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తెచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఒప్పుకోలు గురించి 2008 జనవరి 16న వచ్చిన మరో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. పరీక్ష కోసం ఒప్పుకున్న స్త్రీ మత్తులో ఉండగా, తల్లి సంతకంతో గర్భసంచి తీసేసిన కేసు అది. ప్రాణాపాయం ఉంటే తప్ప, మేజర్ అయిన రోగి తరఫున ఇంకొకరి ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. భర్త వేలిముద్ర ఆమె వేలిముద్ర కాదు. కులం పేరుతో ఆసుపత్రిలోకి రానివ్వకపోవడం 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

వాడలో మాట మొదలుపెట్టడం

హక్కులు కాయితం మీద ఉన్నాయి. వాటిని అడగడానికి నోరు కావాలి. అందుకు విద్యార్థులు, కార్యకర్తలు చేయగల పనులు కొన్ని ఉన్నాయి.

పొదుపు సంఘం సమావేశంలో కంతుల లెక్క అయ్యాక పావుగంట ఆరోగ్యానికి ఇవ్వమని అడగండి. ఆశా అక్కనో, ఏఎన్‌ఎంనో పిలవండి. అక్కడ ఎవరినీ సొంత బాధ చెప్పమని ఒత్తిడి చేయవద్దు. "కొందరికి ఇట్లా అవుతుంది" అని మొదలుపెడితే చాలు, "నాకూ అట్లే" అనే మాట తనంతట తానే వస్తుంది. విన్నది బయట మోయకూడదన్న నియమం ముందే పెట్టుకోండి. బహిరంగంగా మాట్లాడటం అంటే ఒకరి గుట్టు రట్టు చేయడం కాదు.

ఆసుపత్రికి ఒంటరిగా పంపకండి. తోడు వెళ్లండి. మగ డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు పక్కన ఆడమనిషి ఉండాలని అడగడం రోగి హక్కు. రికార్డులు తీసుకోవడం, ఇంకో డాక్టర్ అభిప్రాయం అడగడం కూడా హక్కే. ఆపరేషన్ అన్నప్పుడు అడగాల్సినవి అయిదే అయిదు: "సారూ, నాకు వచ్చిన జబ్బు పేరేమి? కాయితం మీద రాసియ్యండి. మందులతో తగ్గదా? ఆర్నెల్లు ఆగితే ఏమవుతుంది? అండాశయాలు కూడా తీస్తారా?" కళ్యాణదుర్గంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఆర్‌డీటీ ఆసుపత్రి ఉంది, అనంతపురంలో బోధనాసుపత్రి ఉంది. కోసే ముందు ఇంకో గడప ఎక్కడానికి ఒక రోజు కూలి పోతుందేమో, ఒక అవయవం మిగలొచ్చు.

పనిచోట నీళ్లు, చాటు, మరుగుదొడ్డి కావాలన్న డిమాండ్ కూలి రేటు డిమాండ్ పక్కనే ఉండాలి. మా ఇళ్లలో, మా సంఘాల్లో మగవాళ్లు ఈ మాటలు వింటూ కూర్చోవడం నేర్చుకోవాలి. జిల్లా పర్యవేక్షణ కమిటీ ఉందా, ఎన్నిసార్లు కూర్చుంది, నలభై ఏళ్ల లోపు స్త్రీలకు ఎన్ని ఆపరేషన్లు ఏ కారణంతో జరిగాయి అని సమాచార హక్కు చట్టం కింద అడగాలి.

తెల్లబట్ట గురించి మాట్లాడితే పరువు పోదు. పరువు పేరుతో నోరు మూయించిన చోటే మన అక్కల, అమ్మల శరీరాలకు బేరం జరుగుతోంది. ఆ బేరం ఆగాలంటే ముందు ఆ మాట పైకి అనాలి, గొంతు తగ్గించకుండా.