వార్తల్లో పదం: మోడల్ డెరివేటివ్ ఏపీఐ

భవనం డిజైన్ మోడల్‌లో తలుపంటే ఉత్త గీతల బొమ్మ కాదు. దాని ఎత్తు, వెడల్పు, అంతస్తు, మంటలను ఎంతసేపు తట్టుకుంటుందన్న వివరం కూడా దానితోపాటే ఉండొచ్చు. ఇదే మెటాడేటా. అలాంటి మోడళ్లను తయారుచేసే రెవిట్ సాఫ్ట్‌వేర్ చేతిలో లేకున్నా దీన్ని వెబ్ ద్వారా తీసిచ్చేది ఆటోడెస్క్ వారి మోడల్ డెరివేటివ్ ఏపీఐ.

ఫైలును క్లౌడ్‌లోకి ఎక్కించి వెబ్‌లో చూడగలిగే ఎస్‌వీఎఫ్ రూపంలోకి మార్పించాక, వస్తువుల జాబితానూ ఒక్కోదాని గుణాలనూ జేసన్ ఫార్మాట్‌లో అడిగి తెచ్చుకోవచ్చు. సమాచారం ఇంకా సిద్ధం కాకపోతే 202 కోడ్ వస్తుంది: కాసేపాగి మళ్లీ అడగమని.

అసలు జాగ్రత్త పడాల్సింది ఐడీల దగ్గర. మోడల్ కొత్త వెర్షన్‌లో ఒక్కో వస్తువుకిచ్చే ఆబ్జెక్ట్ ఐడీ మారిపోవచ్చు. మెయింటెనెన్స్ రికార్డులను దానికి ముడిపెడితే ఒక తలుపు మరమ్మతు మరో తలుపు ఖాతాలో పడొచ్చు. రెవిట్ మోడళ్లకైతే, వెర్షన్ మారినా నిలిచి ఉండే ఎక్స్‌టర్నల్ ఐడీని పట్టుకోవడమే క్షేమం.