యువరాణి ఐరీన్ వంశవృక్షం చెప్పే ఆరోగ్య పాఠం

జర్మనీలోని హెస్సె రాజకుటుంబంలో 1866లో యువరాణి ఐరీన్ జన్మించింది. ఆమె తల్లి ఆలిస్, ఇంగ్లండు రాణి విక్టోరియా కుమార్తె. ఈ వంశంలో రాజ్యంతోపాటు ఒక జబ్బు కూడా సంక్రమించింది. అదే హీమోఫీలియా, అంటే గాయమైతే రక్తం త్వరగా గడ్డకట్టకపోవడం.

ఐరీన్ తమ్ముడు ఫ్రెడరిక్ మూడేళ్లయినా నిండకుండానే 1873లో కిటికీలోంచి పడి, రక్తస్రావంతో చనిపోయాడు. మేనమామ లియోపోల్డ్ 1884లో జారిపడి మరణించాడు. ఐరీన్ ముగ్గురు కుమారులలో ఇద్దరికి ఈ జబ్బు వచ్చింది. చిన్నవాడు 1904లో నాలుగేళ్ల వయసులో కన్నుమూశాడు. చెల్లెలు అలిక్స్ రష్యా చక్రవర్తిని పెళ్లాడగా, ఆమె ఏకైక కుమారుడు అలెక్సీకీ ఇదే జబ్బు. అది హీమోఫీలియా-బి అని, అంటే రక్తంలో తొమ్మిదవ ఫ్యాక్టర్ లోపమని, ఆ కుటుంబ అవశేషాలపై జరిపిన డి.ఎన్.ఎ. పరీక్షల ద్వారా 2009లో తేలింది.

ఐరీన్ భర్త హైన్రిచ్ ఆమె పెద్దమ్మ కొడుకే. దగ్గరి సంబంధం వల్లనే పిల్లలకు జబ్బు వచ్చిందా? కాదు. హైన్రిచ్‌కు ఈ జబ్బు లేదు. లోపమున్న జన్యువు ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది. స్త్రీకి ఎక్స్ క్రోమోజోములు రెండు కాబట్టి ఒకదానిలో లోపమున్నా రెండవది చాలావరకు ఆదుకుంటుంది. మగబిడ్డకు ఉన్నది ఒక్కటే, అది తల్లి నుండి వచ్చేదే. అందుచేత లోపాన్ని మోసే తల్లికి పుట్టే ప్రతి మగబిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సగం. ప్రతి ఆడబిడ్డ తల్లిలాగే వాహకురాలయ్యే అవకాశం సగం. ఐరీన్ రెండవ కుమారుడు ఆరోగ్యంగానే ఉన్నాడు.

కనుక తల్లిని నిందించడం తగదు. జన్యువులను ఎవరూ ఎంచుకోలేరు. సుమారు మూడో వంతు కేసులలో కుటుంబంలో ముందెవరికీ ఈ జబ్బు ఉండదు.

బాబుకు చిన్న దెబ్బకే పెద్ద కమిలిన మచ్చలు ఏర్పడినా, కీళ్లు వాచినా, సున్తీ లేక పన్ను తీయించిన తర్వాత రక్తం ఆగకపోయినా వైద్యునికి చూపించండి. తల్లి తరఫున మేనమామలకు, తాతకు ఇటువంటి ఇబ్బంది ఉండేదేమో తప్పక చెప్పండి. జబ్బు ఉందని తెలిస్తే ఆస్పిరిన్ ఇవ్వవద్దు. కండకు ఇంజెక్షన్ చేసే ముందు ఆ సంగతి నర్సుకు తెలియజేయండి. తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం కనబడకపోయినా, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఐరీన్ బిడ్డకు ఆనాడు దొరకని ఫ్యాక్టర్ చికిత్స నేడు ఉంది. సకాలంలో అందితే ఈ పిల్లలు చదువుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ నిండు జీవితం గడపగలరు.